బోర్డు మీద లోపాలు రాయరు

రంగుడబ్బాల గది, రెండో అంతస్తు
ఫిబ్రవరి 9

నా చిట్టితల్లికి,

ఇక్కడ నేనూ మీ బాబాయీ గుండ్రాళ్లలా ఉన్నాం. నువ్వూ అలాగే ఉంటావు, ఎవరి కూతురివి మరి!

నీ ఉత్తరం పోస్టుమాన్ మెట్ల కిందే ఇచ్చాడు. పైకొచ్చేదాకా ఆగలేకపోయాను. సైకిళ్ల మధ్య నిలబడి అక్కడే చించి చదివాను. ఇస్త్రీ అత్తకి వినిపించాను. మలుపు దగ్గర కండక్టరు మావయ్యకి వినిపించాను, ఆయనకి చూపు ఆనదు కదా, రెండుసార్లు వినిపించాను. మంచం దగ్గరికి చేరేసరికి నాకు ఆయాసం, మీ బాబాయికి నవ్వు.

"ఏంటన్నయ్యా, లాటరీ గానీ తగిలిందా?" అన్నాడు.

"లాటరీ కాదురా, లాటరీ చీటీలు తీసే చోట మన పిల్ల కూర్చుంది!" అన్నాను.

అమ్మా, నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఐదో తరగతితో బడి మానేసి, నిచ్చెనెక్కి ఊళ్లో కొట్లన్నిటికీ బోర్డులు రాసుకున్నవాడి కూతురు సచివాలయంలో, అందులోనూ ఊరట విభాగంలో! రోజూ ఇక్కడ అందరూ మాట్లాడేది ఆ ఒక్క సంగతే. పెద్ద సర్కారు కొత్త చట్టం తెచ్చిందనీ, పని చెయ్యలేనివాళ్లకి ఇచ్చే భత్యం ఇక ఊరికే రాదనీ, పన్నెండు ప్రశ్నల ఫారం నింపి మళ్లీ పరీక్షలో నెగ్గాలనీ. అందరూ హడలిపోయి ఉన్నారు. మన ప్రాంతం సర్కారేమో 'మీకేం భయం లేదు, కోత పడితే మా ఖజానాలోంచి పూడుస్తాం' అంది. ఆ పూడ్చే రూలు రాసేది నా కూతురు! ఇంకేం కావాలి?

మీ బాబాయి ఒప్పుకోడనుకో. "నీ కూతురు సర్కారు కాదన్నయ్యా, సర్కారులో గుమస్తా" అంటాడు. పరంజా మీంచి పడి తుంటి విరిగింది గానీ నోరు విరగలేదు వాడికి. నువ్వు పట్టించుకోకు. నువ్వు ఏది రాస్తే అదే చట్టం.

సంతోషంతో ఉబ్బితబ్బిబ్బవుతున్న
నాన్న


సచివాలయం, నాలుగో అంతస్తు
ఫిబ్రవరి 17

నాన్నా,

నీ ఉత్తరం చదివి మా గదిలో గట్టిగా నవ్వేశాను. ఇక్కడ కిటికీ లేదు. నలుగురం, రెండు బీరువాలు, ఒక ఫ్యాను. నవ్వితే అందరూ తలెత్తి చూశారు.

నాన్నా, నువ్వు అందరికీ చెప్పే ముందు ఒకటి విను. బాబాయి అన్నదే నిజం, నేను గుమస్తానే. చట్టం పెద్ద సర్కారుది, ఫారం వాళ్లది, పరీక్ష వాళ్లది. ఎవరు సమర్థులో ఎవరు కాదో తేల్చేదీ వాళ్లే. దాంట్లో వేలు పెట్టే అధికారం మాకు లేదు. వాళ్లు చొక్కా చింపితే మేం మాసిక వేస్తాం. అంతవరకే. కొత్త చొక్కా కుట్టలేం.

బాబాయి ఫారం వచ్చి ఉంటుంది. ఉన్నదున్నట్టు రాయండి. ఇంతకు మించి నేను చెప్పకూడదు. ఈ విభాగంలో పనిచేసేవాళ్లు బంధువులకి ఫారాల విషయంలో సలహా ఇవ్వకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు.

ఇక్కడ నాకంతా బాగానే ఉంది. గది దొరికింది. చెరువు లేకపోయినా దోమలున్నాయి.

నీ
చిట్టి


రంగుడబ్బాల గది
మార్చి 4

నా బంగారానికి,

గుండ్రాళ్లు రెండూ కులాసా.

నీ మాట వేదవాక్కు. ఉన్నదున్నట్టే రాశాను. మీ బాబాయిది మాత్రమే కాదమ్మా, మన మెట్ల మీది గదుల వాళ్లందరివీ, పక్క మెట్ల వాళ్లవీ కలిపి ఇరవైమూడు ఫారాలు! నీ పేరు చెప్పుకునే వచ్చారు. "బోర్డన్నా, నీ దస్తూరీ ముత్యాలు, నీ కూతురు సర్కారు. నువ్వు రాస్తే ఎవడు కాదంటాడు?" అని ఇస్త్రీ అత్త మొట్టమొదట వచ్చింది. ఇక వరస కట్టారు. మీ అమ్మ పోయాక ఈ గదిలో ఇంతమంది కూర్చోవడం ఇదే. స్టూళ్లు చాలక రంగుడబ్బాలు బోర్లించాం.

ఎంత బాగా రాశాననుకున్నావు! నలభై ఐదేళ్లు బోర్డులు రాసిన చెయ్యి. బోర్డు మీద కొట్టు లోపాలు ఎవడైనా రాస్తాడా? 'ఇక్కడ తూకం తక్కువ, పైకప్పు కారును' అని రాస్తే లోపలికి ఎవడొస్తాడు? మనిషికైనా అంతే. సర్కారు ముందుకి వెళ్లే కాగితం. దేబిరిస్తున్నట్టు ఉండకూడదు, దర్జాగా ఉండాలి.

ఇస్త్రీ అత్త ఫారంలో 'నీళ్లున్న గిన్నె ఎత్తగలరా?' అని ఉంది. ఆవిడ నోరు విప్పేలోపే రాసేశాను: 'ముప్పై ఏళ్లు బొగ్గుల పెట్టె ఎత్తిన చేతులు. గిన్నె ఒక లెక్కా!' చదివి వినిపిస్తే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను గురించి ఇంత మంచిగా ఎవరూ రాయలేదన్నా" అంది. కండక్టరు మావయ్యకి 'కళ్లు కనిపిస్తాయా?' అని అడిగారు. 'చూడకుండానే నోటు పట్టుకుని ఎంతదో చెప్పగల మేధావి' అని రాశాను. మావయ్య ఉప్పొంగిపోయాడు.

మీ బాబాయిది అన్నిటికన్నా బాగా కుదిరింది. 'మెట్లు ఎక్కగలరా?' అంటే 'మొన్న లిఫ్టు చెడిపోయిన రోజు ముప్పైనాలుగు మెట్లు ఎవరి సాయం లేకుండా ఎక్కిన ధీరుడు' అని రాశాను. వాడు గోడ వైపు తిరిగి పడుకుని, "అడగనిదే అమ్మైనా పెట్టదన్నయ్యా. నువ్వు వద్దు వద్దంటూ రాస్తున్నావు" అన్నాడు. వాడంతే. పొగిడితే సిగ్గు.

చివర పన్నెండో ప్రశ్న, 'ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?' అని. అందరికీ ఒకటే రాశాను: 'అంతా బాగుంది. కృతజ్ఞతలు.' దాని కింద నా గీత, కొట్టు పేరు కింద వేసే వంపు గీత. ఇరవైమూడింటికీ వేశాను.

అక్షరం అక్కడక్కడ వణికినట్టుంటే ఏమీ అనుకోకు. కలం పాతది.

నీ రూలు ఎప్పుడొస్తుంది? అందరూ అడుగుతున్నారు.

నాన్న


సచివాలయం
మార్చి 19

నాన్నా,

రూలు చిత్తుప్రతి మా పెద్దాయన బల్ల మీదికి వెళ్లింది. ముఖ్యమైన వాక్యం నేనే రాశాను. 'అశక్తుల జాబితాలో ఉండి, కొత్త పరీక్ష వల్ల భత్యంలో కోత పడిన ప్రతివారికీ ఆ కోత మేరకు ఊరట.' పైకి తేలిగ్గా కనిపిస్తుంది. ఒక్క పదం ఎక్కువైనా పెద్ద సర్కారు కోర్టుకి వెళ్తుందట. 'జాబితాలో ఉండి' అన్న మాట ఉండాల్సిందేనని న్యాయశాఖ పట్టుబట్టింది. మా పెద్దాయన, "చట్టం వాళ్లది, జాలి మనది. జాలికి హద్దు చట్టమే వేస్తుంది" అన్నాడు.

నాన్నా, బాబాయి ఆ మెట్లు ఎక్కిన సంగతి నువ్వు నాకు అప్పుడే రాయలేదు. ఎక్కాక ఎలా ఉన్నాడు?

ఫారాలు పంపేశావా? ఇంకా పంపకపోతే ఒక్కసారి...

ఏం లేదు. పంపేసే ఉంటావు. ఆరోగ్యం జాగ్రత్త.

చిట్టి


రంగుడబ్బాల గది
ఏప్రిల్ 27

నా తల్లికి, నా సచివాలయానికి,

గుండ్రాళ్లం! ఇవాళ అయితే దొర్లుకుంటూ డాన్సు చేసే గుండ్రాళ్లం!

నిన్న పెద్ద సర్కారు నుంచి ఉత్తరాలొచ్చాయి. ఇరవైమూడూ ఒకేసారి. పోస్టుమాన్ సంచీ బరువుకి మెట్ల మీద కూలబడ్డాడు. దళసరి కాగితం, పైన ముద్ర. ఏముందో తెలుసా? 'మీరు అన్ని విధాలా సమర్థులని నిర్ధారించడమైనది.' అందరికీ అదే! ఒక్కరికి కూడా వంక పెట్టలేదు! ఇరవైమూడు మందికి ఇరవైమూడు మందీ నెగ్గారు! ఏ బడిలో వస్తాయమ్మా ఇలాంటి ఫలితాలు?

మీ బాబాయి కాగితానికి అద్దం కట్టించాను. నా పాత బోర్డు చట్రం ఒకటుంటే కోసి, వార్నిష్ వేసి, వాడి మంచం ఎదురుగా గోడకి కొట్టాను. నిద్ర లేవగానే కనిపిస్తుంది. "ఇది సర్టిఫికెట్ కాదన్నయ్యా, సెలవు చీటీ. వచ్చే మూడు నెలల దాకే పాత భత్యమట, కింద సన్న అక్షరాలున్నాయి చూడు" అన్నాడు. "ఒరేయ్, ఆ తర్వాతిదానికే కదా మన చిన్న సర్కారు ఉన్నది? నా కూతురు ఉన్నది?" అన్నాను. వాడు నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, కానీ సంతోషంలో పట్టించుకోలేదు.

నీ రూలు పేపర్లో పడింది! 'కోత పడిన ప్రతివారికీ' అన్న ముక్క నీదే అని అందరికీ వేలు పెట్టి చూపించాను. ఆ ఊపులో ఒక బోర్డు కూడా రాశాను, ఉచితంగా. నీలం మీద తెలుపు. 'మన సర్కారు మన వెంటే.' మెట్ల మొదట్లో తగిలించాను. అక్షరం కొంచెం అటూ ఇటూ అయింది, నిచ్చెన కదిలింది.

ఈ వయసులో ఇంత ఆనందం వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మేవాణ్ణి కాదు.

నాన్న


సచివాలయం
మే 2

నాన్నా,

ఉత్తరం అందింది. సంతోషం.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మొన్నటి నుంచి కట్టలు కట్టలుగా కాగితాలు వస్తున్నాయి, లెక్కకి. అన్నీ చూడాలి. ఎక్కువ రాయలేను.

బాబాయి ఎలా ఉన్నాడు, నిజంగా? ఆ అద్దం కట్టిన కాగితం మీద తేదీ ఏముందో రాస్తావా? ఊరికే అడిగాను.

నేను బాగానే ఉన్నాను.

చిట్టి


రంగుడబ్బాల గది
మే 10

చిట్టితల్లికి,

ఇక్కడంతా గుండ్రాయే. తేదీ ఏప్రిల్ 24.

నువ్వు పనిలో మునిగి ఉన్నావని తెలుసు. ఒకటి అడగొచ్చో అడగకూడదో. మార్కెట్టు వెనక వీధిలో ఊరట కాగితాలు వచ్చాయట. ఆ వీధి వాళ్లందరికీ కోత పడిందట, పాపం, పరీక్షలో మనవాళ్లంత బాగా నెగ్గలేదు. వాళ్లకి మన సర్కారు మొత్తం పూడుస్తానని రాసిందట. మన వీధికి ఇంకా రాలేదు. ఒక్కరికి కూడా. నీ సంతకం దగ్గర ఆలస్యమవుతూ ఉంటుంది, నిదానంగానే చెయ్యి, తొందరలో తప్పులొస్తాయి. అదే చెప్తున్నాను అందరికీ.

మెట్ల మీద జనం ఎదురైతే ఇదివరకు వాళ్లే నిలబెట్టి మాట్లాడేవాళ్లు. ఇప్పుడు నేనే నిలబెడుతున్నాను. ఇస్త్రీ అత్త మొన్న కింద తలుపు తియ్యబోతే గడియ జారిపోయి చేతిలో ఉన్న గుడ్డలు కింద పడ్డాయి. ఏరి ఇచ్చాను. "ఈ చేతులేగా అన్నా, ఏమైనా ఎత్తుతాయని రాశావు" అంది. నవ్వుతూనే అంది. నవ్విందనే అనుకుంటున్నాను.

మీ బాబాయి అద్దాన్ని తిప్పి గోడకి ముఖం పెట్టమన్నాడు. వెలుతురు పడి కళ్లలో కొడుతోందట. తిప్పాను.

రెండు ముక్కలు రాయి, చాలు.

నాన్న


సచివాలయం
మే 15

నాన్నా,

ఇది మన కింద కొట్లో ఫోనుకి చేసి చెప్పాల్సింది. నీ గొంతు వింటే చెప్పలేనని కాగితం తీసుకున్నాను. దాని వల్ల ఇంకో రెండు రోజులు పోతాయని తెలిసి కూడా.

ఏప్రిల్ 30న మా బల్ల మీదికి ఒక కట్ట వచ్చింది. జాబితాలోంచి పూర్తిగా తీసేసినవాళ్ల ఫారాల నకళ్లు. మొదటిది తిప్పగానే చివర గీత కనిపించింది. కొట్టు పేరు కింద వేసే వంపు గీత. రెండోదాని కింద కూడా అదే. ఇరవైమూడూ తిప్పాను. చిన్నప్పుడు నా పలక కింద నువ్వు వేసిన గీత, నేనెలా మరిచిపోతాను?

నాన్నా, వాళ్లు నెగ్గలేదు. ఆ పరీక్షలో నెగ్గడమంటే ఓడిపోవడం. 'సమర్థులు' అంటే ఇక మీకేమీ ఇవ్వక్కర్లేదని. మార్కెట్టు వెనక వీధి వాళ్లకి సగం కోశారు, కానీ జాబితాలో ఉంచారు. అందుకే వాళ్లకి మేం పూడ్చగలిగాం. మన వాళ్లు జాబితాలోనే లేరు. 'జాబితాలో ఉండి' అని రాసింది నేనే. చొక్కా చిరిగితే మాసిక వేస్తామన్నాను కదా. చొక్కానే ఒలిచేస్తే మాసిక ఎక్కడ వెయ్యను?

పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "మీ వీధి కోసం చట్టం తిరగరాయమంటావా అమ్మాయ్?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన చేతిలో కూడా ఏమీ లేదు.

ఒక్క దారి ఉంది. ఉత్తరం తేదీ నుంచి ముప్పై రోజుల్లో తిరిగి విచారించమని అప్పీలు పెట్టుకోవచ్చు. గడువు మే 24, శనివారం. ఇది నీకు అందేసరికి ఏడు రోజులుంటాయి. కొత్త ఫారం నింపి, మన ఊరి పాత కచేరీలో పెద్ద సర్కారు కౌంటరు ఉంది, అక్కడ ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. ఆ రోజు సగం పూటే, ఒంటిగంటకి మూసేస్తారు.

ఈసారి మంచి రోజు గురించి రాయొద్దు. వాళ్ల అన్నిటికంటే చెడ్డ రోజు గురించి రాయి. ఏం చెయ్యలేరో అది రాయి. సిగ్గుపడేది ఏదుందో అదే రాయి. ఫిబ్రవరిలోనే నాకిది తెలుసు. చెప్పకూడదన్న సంతకం నన్ను ఆపిందని అనను. దాని వెనక నేను దాక్కున్నాను. ఏప్రిల్ 30 నుంచి ఇవాళ్టి దాకా మాత్రం ఏ సంతకమూ ఆపలేదు. నీ సంతోషం పాడు చెయ్యడానికి చెయ్యి రాలేదు. అందరికీ నేనే చెప్పానని చెప్పు. ఉద్యోగం పోతే పోనీ.

సెలవు అడిగాను, ఇవ్వలేదు.

చిట్టి


రంగుడబ్బాల గది
మే 18

చిట్టీ,

అందింది.

మీ బాబాయికి ముందే తెలుసట. "మరి చెప్పలేదేంరా?" అంటే, "నువ్వు అంత సంబరంగా ఉంటే ఎలా చెప్పమంటావు?" అన్నాడు. నువ్వూ అదే రాశావు. నా సంబరానికి ఇంతమంది భయపడ్డారన్నమాట.

బోర్డు దించేశాను.

నిన్న సాయంత్రం ఇరవైరెండు తలుపులూ కొట్టాను. ఒక్కొక్క గడప దగ్గరా నిలబడి, తప్పు నాదే, మా అమ్మాయిది కాదు అని చెప్పాను. కొందరు తలుపేశారు. కండక్టరు మావయ్య తడుముకుంటూ గడప దాకా వచ్చాడు. తర్వాత, "మేధావి అని రాశావుగా బావా, నేనూ సరే అన్నానుగా. ఇద్దరం కలిసే మునిగాం" అన్నాడు.

ఇస్త్రీ అత్త నన్ను లోపలికి పిలిచింది. రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు చూసి రాయి అన్నా. అప్పుడు చూడకుండా రాశావు" అంది. వేళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయమ్మా. రోజూ చూసే చేతులు. పొద్దున గ్లాసు పట్టుకోలేక పళ్లతో అంచు కరిచి వంచుకుని తాగుతుందట. అది రాశాను. రాస్తున్నంతసేపూ ఆవిడ కిటికీలోకి చూస్తూ కూర్చుంది. అయిపోయాక, "పొగిడినప్పుడు ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు రాలేదు" అంది.

రోజుకి నాలుగు. అంతకన్నా చెయ్యి సాగడం లేదు.

నాన్న


రంగుడబ్బాల గది
మే 26

అమ్మా,

ఇక్కడ గుండ్రాళ్లేం లేవు. నేను బాగాలేను. మీ బాబాయి బాగాలేడు. ఇన్నేళ్లుగా రాసిన మొదటి వాక్యం ఇవాళ రాయలేక గంటసేపు ఊరికే కూర్చున్నాను. మీ అమ్మ మంచాన పడ్డప్పుడు కూడా నీకు హాస్టలుకి అదే రాశాను, గుర్తుందా? నువ్వు పరీక్షలయ్యాక వచ్చావు.

ఇరవైరెండు ఫారాలు ఇచ్చేశాం. ముద్ర పడింది. కౌంటరులో అమ్మాయి ఇస్త్రీ అత్త ఫారం చదివి, ఇంకేమీ అడగకుండా ముద్ర వేసింది. జాబితాలోకి వస్తే మీ సర్కారు మాసిక వేస్తుందిగా. వెయ్యండి.

ఇరవైమూడోది మీ బాబాయిది.

మొదటి రోజే వాడు, "ముందు వాళ్లవి రాయి. బోర్డు రాసేవాడి కొట్టుకి బోర్డు ఎప్పుడూ చివరే" అన్నాడు. నిజమే, నాకు ఎప్పుడూ బోర్డు లేదు. శుక్రవారం సాయంత్రం కచేరీ మూసేలోపే ఇరవైరెండూ రాసి ఇచ్చేశాం. శనివారం పొద్దున్నే వాడి మంచం పక్కన డబ్బా బోర్లించుకుని కూర్చున్నాను. మొదటి ప్రశ్న, 'మంచం మీంచి స్వయంగా లేవగలరా?' కలం పట్టుకున్నాను. వాడు చెప్పాడు. నేను రాయలేదు.

"అలా కాదురా, కొన్ని రోజులు లేస్తావుగా" అన్నాను.

"అన్నయ్యా, రాయి."

"మొన్న ఆదివారం లేచావుగా."

"నువ్వు లేపావు. రాయి."

వాడికి ఆరేళ్లప్పుడు, నా భుజాల మీద ఎక్కించుకుని నిచ్చెన ఎక్కేవాణ్ణి. కింద నుంచి జనం తిట్టేవాళ్లు. వాడు మాత్రం ఇంకా పైకి అనేవాడు. ఎత్తంటే భయం లేని పిల్లాడని ఊరంతా చెప్పుకున్నాను. నేను ఎక్కించకపోతే వాడు పరంజా పని పట్టేవాడే కాదేమో. ఆ పిల్లాణ్ణి పట్టుకుని, లేవలేడు అని ఎలా రాయను? పన్నెండు దాకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నాను తల్లీ. వాడు కోప్పడ్డాడు, బతిమాలాడు, చివరికి గోడ వైపు తిరిగాడు. అప్పుడు రాశాను. మొత్తం రాసి, చొక్కా కూడా మార్చుకోకుండా కచేరీకి పరిగెత్తాను. పరుగెక్కడిది, నడిచాను. వెళ్లేసరికి రెండు దాటింది. ఒంటిగంటకే మూస్తారని నువ్వు రాశావు. నాకు తెలుసు. మర్చిపోయానని చెప్పుకోను. తలుపుకి తాళం ఉంది. కిటికీ లోపల ఆ ముద్ర కనిపిస్తోంది, బల్ల మీద, తడి గుడ్డ పక్కన.

తిరిగొచ్చి చెప్పాను. వాడు గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత, "చదువు" అన్నాడు. చదివాను. అంతా విని, "ఇన్నాళ్లకి నన్ను చూశావన్నయ్యా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అంటాడు కదా. అనలేదు.

కలం పాతది కాదమ్మా. రెండేళ్లుగా చెయ్యి వణుకుతోంది. చివరి బోర్డు నీలం మీద తెలుపుది, వంకరగా వచ్చింది. ఇక వాణ్ణి లేపుతూ ఎన్నాళ్లు ఉంటానో తెలీదు. భత్యం ఆగితే, ఆ డబ్బుతో వాణ్ణి చూసుకోవడానికి పగలు వచ్చే ఆయా కూడా రాదు. సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు రా. సెలవు దొరక్కపోయినా రా.

ఆ ఫారం తీసుకునే కౌంటరు ఎక్కడా లేదు. అందుకని నీకు పంపుతున్నాను. ఎవరో ఒకరు చదవాలి కదా.

*

1. మంచం మీంచి స్వయంగా లేవగలరా?
లేవలేడు. అన్న చంకల కింద చేతులు పెట్టి లేపుతాడు. అన్నకి డెబ్బై ఒకటి.

2. మెట్లు ఎక్కగలరా?
ఫిబ్రవరిలో లిఫ్టు చెడిన రోజు ముప్పైనాలుగు మెట్లు కూర్చుని కూర్చుని, వెనక్కి జరుగుతూ ఎక్కాడు. గంటన్నర పట్టింది. ఎవరూ చూడకూడదని అందర్నీ లోపలికి వెళ్లమన్నాడు. తర్వాత నాలుగు రోజులు మంచం మీదే అన్నీ. పక్క గుడ్డలు అన్న ఉతికాడు. ఆ నాలుగు రోజులూ వాడు అన్నతో మాట్లాడలేదు.

5. నొప్పి ఉంటుందా?
ఉంటుంది. తుపాకీ దెబ్బలా ఉందా, పంటి పోటులా ఉందా అని అడిగితే, 'ఎవరో లోపల కూర్చుని రంపం అరగదీస్తున్నట్టు' అన్నాడు. నొప్పి వచ్చినప్పుడు జోకులు వేస్తాడు. జోకు ఎంత పెద్దదైతే నొప్పి అంత. ఇది అన్నకి ఇవాళే తెలిసింది.

9. ఒంటరిగా ఉండగలరా?
ఉండలేడు. ఉండగలనని అంటాడు. నమ్మొద్దు.

12. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?
ఈ మనిషికి బాగాలేదు. ఇంతకు ముందు బాగుందని రాసినవాడు చూడకుండా రాశాడు. చూస్తే రాయాల్సొస్తుందని.

కింద గీత లేదు.